కీచైన్లు చేశారు సరే, తరువాత ఏం చేయించాలి?

ప్రశ్న: మా పాఠశాలలో మేకర్‌స్పేస్ పేరుతో ఒక పెద్ద గది ఏర్పాటు చేశారు. రెండు త్రీడీ ప్రింటర్లు, ఒక లేజర్ కటర్, ఒక వినైల్ కటర్, కొన్ని కంప్యూటర్లు ఉన్నాయి. నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. ఈ గది బాధ్యత కూడా నాకే అప్పగించారు. ఎనిమిదో తరగతి పిల్లలు 36 మంది వారానికి రెండు పీరియడ్లు వస్తారు, ఒక్కో పీరియడు 45 నిమిషాలు. తమ పేర్లతో కీచైన్లు చేసుకోవడం, ఇంటర్నెట్ నుంచి బొమ్మల ఫైళ్లు దించుకుని ప్రింటుకు పెట్టడం, ఇంతకు మించి పని ముందుకు సాగడం లేదు. ప్రింటరు కోసం ఎదురుచూడటంతోనే పీరియడు అయిపోతోంది. కంప్యూటరు బాగా వచ్చిన నలుగురైదుగురు అబ్బాయిలు మౌస్ వదలరు. ఆడపిల్లలు చాలామంది రంగులు వేయడానికీ అట్టలు అతికించడానికీ పరిమితమైపోతున్నారు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కొందరు పిల్లలు నాకంటే ముందున్నారు. మార్కులు దేనికి వేయాలో తెలియడం లేదు. ఏడాది చివర ప్రదర్శనలో ఆకర్షణీయమైన వస్తువులు కనిపించాలని మా ప్రధానోపాధ్యాయులు కోరుతున్నారు. ఈ గదిలో నిజంగా పాఠం జరగాలంటే నేను ఏం చేయాలి?

— ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: మీరు రాసిన ఇబ్బందులు విడివిడిగా కనిపిస్తున్నా, వాటిలో చాలావరకు ఒకే చోట పుట్టాయని నా అభిప్రాయం. మీ పిల్లలు చేస్తున్న వస్తువులు దేనికీ సరిపోనక్కరలేదు. కీచైన్ పొడవు 40 మిల్లీమీటర్లు ఉన్నా 43 ఉన్నా అది కీచైనే. దించుకున్న డ్రాగన్ బొమ్మ తోక కాస్త వంకరగా వచ్చినా అడిగేవారు ఉండరు. తప్పు బయటపడే అవకాశమే లేని పనిలో పిల్లలకు కొలవవలసిన అవసరమూ, దిద్దుకోవలసిన అవసరమూ కలగవు. అందుచేత, ఈ గదిలో తయారయ్యే ప్రతి వస్తువూ కంప్యూటరు తెరకు బయట ఇప్పటికే ఉన్న మరొక వస్తువుకు సరిపోవాలన్న నియమం ఒకటి పెట్టండి. మిగిలిన సలహాలన్నీ ఈ నియమాన్ని అనుసరించే వస్తాయి.

ఇది మీ ఒక్కరికే ఎదురైన పరిస్థితి కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ పాఠశాలల్లో ఇటువంటి ప్రయోగశాలలు నెలకొల్పిన పరిశోధకుడు పౌలో బ్లిక్‌స్టైన్ 2013లో ప్రచురించిన ఒక వ్యాసంలో దీనికి 'కీచైన్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. లేజర్ కటర్‌తో కీచైన్ చేయడం నేర్చుకున్న పిల్లలు మళ్లీ మళ్లీ అదే చేస్తూ పోయారని, అంత తక్కువ శ్రమతో అంత నున్నని వస్తువు చేతికి వస్తున్నప్పుడు కష్టమైన పనికి పూనుకోవడానికి వారికి కారణం కనిపించలేదని ఆయన గమనించారు. పిల్లలు లెక్క సరిగానే వేసుకున్నారు. పని ఇచ్చిన తీరులోనే లోపం ఉంది. కాబట్టి కీచైన్ల మీద కోప్పడవద్దు. తెర మీద గీసిన గీత చేతిలో పట్టుకునే వస్తువుగా మారే దారి మొత్తం ఒక్క పీరియడులో చూపించడానికి కీచైన్ మంచి సాధనం. మొదటి పాఠంగా దాన్ని ఉంచండి, రెండో పాఠానికి రానివ్వకండి.

రెండో పాఠంగా ఇవ్వదగిన పని ఒకటి చెబుతాను. తరగతి గదిలో ఇనుప గొట్టాల కాళ్లున్న కుర్చీలు ఉంటాయి. వాటి అడుగున ఉండే ప్లాస్టిక్ తొడుగులు ఊడిపోయి, లాగినప్పుడల్లా నేల గీసుకుపోతుంది. కొత్త తొడుగు చేయమని చెప్పండి. కాలు చదరపు గొట్టం అనుకుందాం. పిల్లలు స్కేలుతో కొలిచి 25 మిల్లీమీటర్లు అంటారు, తొడుగు లోపలి ఖాళీని 25 మిల్లీమీటర్లకే గీస్తారు, ప్రింట్ చేస్తారు, అది ఎక్కదు. పాఠం మొదలయ్యేది ఇక్కడే. ఎందుకు ఎక్కలేదని వెంటనే చెప్పేయకుండా వారి చేతికి వెర్నియర్ కాలిపర్స్ ఇవ్వండి. గొట్టం ఒక చోట 25.1, రంగు మందంగా ఉన్న చోట 25.3 అని తేలుతుంది. గొట్టం అతుకు బయటికి కాస్త ఉబ్బి ఉంటే అదీ తగులుతుంది. ప్రింటు వైపు కొలిస్తే 25 అని గీసిన ఖాళీ 24.8 కూడా ఉండకపోవచ్చు, ఎందుకంటే ప్రింటరు మూతి (నాజిల్) నుంచి పొరలు పొరలుగా వచ్చే కరిగిన ప్లాస్టిక్ కాస్త పక్కకు ఒత్తుకుంటుంది, లోపలి మూలల్లో గుండ్రబడుతుంది. మొదటి పొర ప్రింటరు అడుగు ప్లేటుకు గట్టిగా అదమబడటం వల్ల అడుగు అంచు మరికొంత వెడల్పవుతుంది. దర్జీ కుట్టుబడికి గుడ్డ వదిలినట్టు ఇక్కడ కూడా కొంత సందు వదలాలని పిల్లలు తమంతట తాము గ్రహిస్తారు. ఎంత వదలాలన్నదే మిగిలిన ప్రశ్న, దానికి ప్రయోగం తప్ప జవాబు లేదు.

ఆ ప్రయోగానికి తొడుగు మొత్తం ప్రింట్ చేయనక్కరలేదు. అందులోంచి 5 మిల్లీమీటర్ల ఎత్తున్న చట్రం ఒక్కటి చాలు. పొర మందం 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే అది 25 పొరలే. ముప్పై ఆరుగురిని ముగ్గురేసి చొప్పున పన్నెండు జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు ఒక్కో కొలత ఇవ్వండి. ఒకరు 25.2, మరొకరు 25.4, ఇంకొకరు 25.6 ఇలా గీస్తారు. ఆరేసి చట్రాలు ఒక్కో ప్రింటరు ప్లేటు మీద పక్కపక్కన పడతాయి. మరుసటి పీరియడులో పన్నెండు చట్రాలూ అదే కాలికి తొడిగి చూసి, బోర్డు మీద 'ఎక్కలేదు', 'సుత్తితో కొడితే ఎక్కింది', 'చేత్తో నొక్కితే ఎక్కి నిలిచింది', 'జారిపోయింది' అని పట్టిక వేయించండి. బిగుతు, వదులు అన్న మాటలకు మిల్లీమీటర్లలో విలువ ఏర్పడటం పిల్లలు కళ్లారా చూస్తారు. తరువాత ఒక ఆసక్తిగల జట్టు పక్క కుర్చీకి ప్రయత్నించి, నిన్న సరిపోయిన కొలత ఈ రోజు సరిపోలేదని ఫిర్యాదు చేస్తుంది. అప్పుడు మీరు కొలతల్లో ఉండే సహజమైన తేడాల గురించి మాట్లాడితే ఆ మాట వినడానికి తరగతి సిద్ధంగా ఉంటుంది.

తొడుగు పూర్తయ్యాక దాన్ని కుర్చీకి పెట్టి వాడనివ్వండి. ఈ ప్రింటర్లలో మామూలుగా వాడే పి.ఎల్.ఎ. అనే ప్లాస్టిక్ గట్టిదే గానీ పెళుసు. కొద్ది రోజుల్లో కొన్ని తొడుగులు మూలల దగ్గర చీలతాయి. ఆ చీలికను భూతద్దంతో చూస్తే పొరల మధ్య గీత వెంబడే పోయిందని కనిపిస్తుంది. భౌతికశాస్త్రం బోధించేవారికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. ఒకే కొక్కెం ఫైలును ఒకసారి నిలబెట్టి, ఒకసారి పడుకోబెట్టి ప్రింట్ చేయించి, రెండింటికీ బరువులు వేలాడదీయించండి. నిలబెట్టి చేసినదానిలో లాగుడు పొరలను ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీసే దిశలో పనిచేస్తుంది కాబట్టి అది తక్కువ బరువుకే, నున్నగా కోసినట్టు తెగుతుంది. పడుకోబెట్టి చేసినదానిలో ప్లాస్టిక్ పోగులు కొక్కెం వంపు వెంబడి సాగుతాయి కాబట్టి అది ముందు వంగి, చాలా బరువు మోశాక గానీ విరగదు. ఫైలు ఒకటే, ప్లాస్టిక్ ఒకటే, బలం మాత్రం వేరు. తెగినప్పటి బరువును న్యూటన్లలో రాయిస్తే అది మీ సిలబస్‌లోకి కూడా వచ్చేస్తుంది.

ఇక సమయం సంగతి. ప్రింటరు దగ్గర వరుస పెరగడానికి కారణం పిల్లల క్రమశిక్షణ కాదు, అంకగణితం. ఒక్కొక్కరి బొమ్మకు రెండేసి గంటలు పడుతుందనుకుంటే 36 మందికి 72 గంటలు; రెండు ప్రింటర్లకు పంచితే ఒక్కోదానికి 36 గంటలు. మీకు వారానికి దొరికేది గంటన్నర. అంటే పీరియడుల్లో మాత్రమే ప్రింట్ చేస్తే ఒక్క విడత బొమ్మలకే 24 వారాలు కావాలి. ఈ లెక్కను మీరు చెప్పకుండా పిల్లలచేతే బోర్డు మీద వేయించండి. దానితోపాటు బొమ్మ పరిమాణాన్ని రెండింతలు చేస్తే ఘనపరిమాణం ఎనిమిదింతలు అవుతుందన్న సంగతిని, బొమ్మను పొరలుగా విడదీసి ప్రింటరుకు అందించే స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లోనే చూపించండి. లోపల జాలీగా నింపే పద్ధతి వల్ల ప్లాస్టిక్ ఖర్చు కచ్చితంగా ఎనిమిది రెట్లు కాకపోయినా, అది చూపించే గంటలూ గ్రాములూ పిల్లలను ఆలోచనలో పడేస్తాయి. ఆ తరువాత ఒక పద్ధతి పెట్టండి. ప్రింటు కావలసిన జట్టు ఒక చీటీ నింపాలి. ఈ వస్తువు దేనికి సరిపోవాలి, ఏ కొలత ఎన్నిసార్లు తీసుకున్నారు, స్లైసర్ ఎంత సమయం చెప్పింది, ఈ ప్రింటుతో మీరు తేల్చుకోవాలనుకుంటున్నది ఏమిటి, ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేని చీటీకి ప్లేటు దొరకదు. పరీక్ష ముక్క అరగంట దాటకూడదు. పూర్తి వస్తువుకు ఎక్కువ సమయం ఇవ్వవచ్చు, అయితే బడిలో మనిషి ఉన్నంతసేపే యంత్రం నడవాలి.

నిజానికి మీ గదిలో పాఠానికి ఎక్కువ పనికొచ్చే యంత్రం త్రీడీ ప్రింటరు కాదని నేను అనుకుంటాను. అందరూ చుట్టూ మూగేది దాని దగ్గరే, కానీ అది నెమ్మదైనది. ఒక పీరియడులో ఒక పొరపాటు చేసి, చూసి, దిద్దుకుని, మళ్లీ చేయడానికి అది అవకాశం ఇవ్వదు. లేజర్ కటర్ ఇస్తుంది. పలుచని ప్లైవుడ్ ముక్కలో ఒక అతుకు కోయడానికి నిమిషం, రెండు నిమిషాలు చాలు. కాబట్టి తరగతి మొత్తానికి ఒకేసారి ఇచ్చే పనులు లేజర్ కటర్‌కు కేటాయించి, ప్రింటర్లను లోతైన ఆకారం కావలసిన కొద్ది భాగాలకు ఉంచండి. స్టికర్ షీట్లను బ్లేడుతో కోసే వినైల్ కటర్ వేగమైనది, ప్రమాదం తక్కువ, చిన్న తరగతులకు సరైనది. దాని మీద ఒక్క పని చాలు. పై పొర తెగి అడుగు కాగితం తెగకుండా బ్లేడు ఒత్తిడిని సరిచేయమనండి, పిల్లలకు 'సెట్టింగ్' అంటే ఏమిటో వేళ్లకే తెలుస్తుంది.

లేజర్ కటర్‌తో మొదట చేయించవలసిన పని పెట్టె కాదు, కోత వెడల్పు కనుక్కోవడం. లేజర్ కిరణం గీత మీద ఉన్న పదార్థాన్ని కాల్చి ఆవిరి చేస్తుంది. ఆ కాలిపోయిన సందు మామూలుగా 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, పదార్థాన్ని బట్టీ కటకం ఎంత సరిగా ఫోకస్ అయిందన్న దాన్ని బట్టీ మారుతుంది. 100 మిల్లీమీటర్ల పొడవు, 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం గీయించి, దాన్ని అడ్డంగా తొమ్మిది గీతలతో పది సమాన ముక్కలుగా కోయించండి. కోసిన ముక్కలను ఒకదానికొకటి ఆనించి వరుసగా పేర్చి మొత్తం పొడవు కొలవమనండి. 98.4 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, తగ్గిన 1.6ను 10తో భాగిస్తే కోత వెడల్పు 0.16 మిల్లీమీటర్లు. లోపల తొమ్మిది గీతలే ఉన్నప్పుడు పదితో ఎందుకు భాగించాలని ఎవరో ఒకరు అడిగేదాకా ఆగండి. రెండు చివరి అంచుల దగ్గర కిరణం గీతకు ఇరువైపులా సగం సగం తింటుంది కాబట్టి ఆ రెండు సగాలు కలిసి పదో కోత అవుతుందని బొమ్మ గీసి తేల్చేది పిల్లలే అయితే ఆ రోజు పాఠం పూర్తయినట్టే. ఆ అంకె చేతికి వచ్చాక ఒకదానిలో ఒకటి ఇమిడే పళ్లలాంటి అతుకులతో పెట్టె చేయమంటే, పన్నును ఎంత వెడల్పుగా గీస్తే జిగురు లేకుండా నిలుస్తుందో వారే లెక్కకట్టగలరు. ఇంకొక్క మాట: 3 మిల్లీమీటర్లు అని అమ్మే ప్లైవుడ్ కచ్చితంగా 3 ఉండటం అరుదు, ఒకే పలకలో రెండు మూలల మధ్య కూడా తేడా ఉంటుంది. కోసే ముందు నాలుగు చోట్ల కొలిపించండి.

భద్రత గురించి మీరు అడగలేదు, కానీ లేజర్ కటర్ ఉన్న గది బాధ్యత మీదన్నారు కాబట్టి దీన్ని దాటి పోలేను. బడుల్లో ఉండే ఇటువంటి యంత్రాల్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో పనిచేస్తాయి. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు, కంటికి కనిపించదు. కనిపించే వెలుగైతే రెప్ప అదే మూసుకుంటుంది, ఇక్కడ ఆ రక్షణ లేదు. మూత తెరవగానే కిరణం ఆగిపోయే ఏర్పాటును ఏ కారణంతోనూ పనిచేయకుండా చేయనివ్వవద్దు. కోత నడుస్తున్నంతసేపూ ఒకరు దాని ముందే నిలబడి చూస్తుండాలి. ప్లైవుడ్, యాక్రిలిక్, అట్ట ఏదైనా అంటుకోవచ్చు. లోపల గాలి గొట్టాలవంటి ఖాళీలుండే పెట్టెల అట్ట మరీ త్వరగా మండుతుంది, దాన్ని కత్తెరతోనో కత్తితోనో కోయించడమే మేలు. పొగ బయటికి లాగే ఫ్యాన్ ఆడకపోతే ఆ రోజు కోత లేదు. మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి, దాన్ని వాడటం మీకు తెలిసి ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, పి.వి.సి.ని లేజర్‌లో పెట్టకూడదు. వేడికి అందులోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా వెలువడుతుంది. అది ఊపిరితిత్తులకు హాని, యంత్రం లోపలి అద్దాలనూ పట్టాలనూ తినేస్తుంది. మీ గదిలో ఈ ప్రమాదం పక్క బల్ల మీదే ఉంది, ఎందుకంటే వినైల్ కటర్‌లో వాడే స్టికర్ షీటు చాలావరకు పి.వి.సి.యే. రంగురంగుల షీటు, రెండూ 'కోసే' యంత్రాలే, దీన్ని దాంట్లో ఎందుకు పెట్టకూడదని ఎనిమిదో తరగతి పిల్లవాడికి తట్టడం సహజం. ఆ షీట్లను వేరే బీరువాలో ఉంచి తాళం వేయండి. లేజర్ మూత మీద అనుమతించిన పదార్థాల జాబితా అంటించి, అందులో లేనిది ఏదైనా, ఎవరు తెచ్చినా, లోపలికి వెళ్లదని చెప్పండి. పాలికార్బొనేట్ చూడటానికి యాక్రిలిక్‌లా ఉంటుంది కానీ నల్లబడి మండుతుంది. ఏమిటో తెలియని ప్లాస్టిక్ అంటే వద్దన్నట్టే. ప్రింటర్ల విషయంలో ఇంత భయం అక్కరలేదు. పి.ఎల్.ఎ.తో పనిచేసే నాజిల్ 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుందని, చేయి పెట్టకూడదని చెప్పండి, కిటికీలు తెరిచి ఉంచండి, ఎ.బి.ఎస్. అనే మరో ప్లాస్టిక్ వేడెక్కితే హానికరమైన స్టైరీన్ ఆవిర్లు వస్తాయి కాబట్టి బడిలో దాన్ని అసలు మొదలుపెట్టవద్దు.

మౌస్ ఎవరి చేతిలో ఉంటుందన్నది పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఏడాది చివరికి ఎవరు ఏం నేర్చుకున్నారన్నది దాన్నిబట్టే తేలుతుంది. బతిమాలినా మందలించినా అది మారదు. పనిని విభజించే పద్ధతి మారాలి. ముగ్గురు సభ్యుల జట్టులో ఒకరు కొలుస్తారు, ఒకరు గీస్తారు, ఒకరు యంత్రం నడుపుతారు. ప్రతి కొత్త విడతకు ఈ పాత్రలు తిరుగుతాయి, మార్చుకోవడానికి వీల్లేదు. దీనికి ఒక షరతు జోడించండి. తెర మీద గీసేవారు అసలు వస్తువును ముట్టుకోకూడదు, కొలిచినవారు కాగితం మీద వేసి ఇచ్చిన చిత్తుబొమ్మను చూసే గీయాలి. మొదటి వారం గొడవ జరుగుతుంది. 'లోపలి వెడల్పు ఇచ్చావా, బయటిదా?' 'ఈ 12 ఏ మూల నుంచి?' అని తగువు పడతారు. ఇంజినీరింగ్ డ్రాయింగులో కొలత గీతలు ఎందుకు వేస్తారో ఆ తగువు నేర్పినట్టు ఏ పుస్తకమూ నేర్పదు. సాఫ్ట్‌వేర్ బాగా వచ్చిన అబ్బాయిలను పక్కన పెట్టవద్దు. పక్క జట్టుకు సాయపడవచ్చు, కానీ నోటితోనే, చేయి మౌస్ మీద పడకూడదు. వారికి ఇదే కష్టమైన పాఠం అవుతుంది. రంగులు వేయడం, అలంకరణ అన్న పాత్రలను జట్టులోంచి పూర్తిగా తీసేయండి. ఎవరికైనా రంగు వేయాలనిపిస్తే వస్తువు సరిపోయాక ముగ్గురూ కలిసి వేస్తారు.

దించుకున్న ఫైళ్లను నిషేధించవలసిన పని లేదు. దించుకున్నదాన్ని మార్చి, దేనికో ఒకదానికి సరిపోయేలా చేసి చూపించాలని మాత్రం పట్టుబట్టండి. అప్పుడొక ఆసక్తికరమైన అడ్డంకి ఎదురవుతుంది. త్రీడీ బొమ్మలు మామూలుగా దొరికే ఎస్.టి.ఎల్. రకం ఫైలులో ఉండేది ఉపరితలాన్ని కప్పిన త్రిభుజాల గుంపు మాత్రమే. రంధ్రం వ్యాసం 8 నుంచి 8.4 చేయాలంటే మార్చడానికి అక్కడ 'వ్యాసం' అన్న అంకె ఉండదు. దాన్ని సరిచేయడం కన్నా కొత్తగా గీసుకోవడమే తేలికని పిల్లలకు త్వరలోనే అర్థమవుతుంది. ఫైలు చేసినవారి పేరు రాయడం, వారు పెట్టిన లైసెన్సు షరతులు చదవడం కూడా ఈ సందర్భంలోనే అలవాటు చేయించవచ్చు.

సాఫ్ట్‌వేర్ బోధనకు నెల రోజులు పెట్టకండి. ఘనాకారాలను కలపడం, ఒకదానిలోంచి మరొకదాన్ని తీసేయడం టింకర్‌క్యాడ్‌లో ఒక పీరియడులో వస్తుంది. తొడుగుకైనా కొక్కేనికైనా అది చాలు. లేజర్ పనికి ఇంక్‌స్కేప్ సరిపోతుంది. అంకెలు మార్చగానే ఆకారం మారాలన్న అవసరం కలిగిన పిల్లలను ఫ్రీక్యాడ్ వైపు, ప్రోగ్రాములు రాయడం ఇష్టమైనవారిని ఓపెన్‌ఎస్‌క్యాడ్ వైపు పంపండి. వారు అక్కడికి వెళ్లాక మీకంటే ముందుకు పోతే పోనివ్వండి. మీరు తెలుసుకుని ఉండవలసినవి వేరే. ప్రింటు మొదటి పొర సరిగా అంటుకుందో లేదో చూసి పోల్చుకోవడం, ఇరుక్కున్న ఫిలమెంటును (ప్రింటరుకు అందే ప్లాస్టిక్ తీగను) తీయడం, లేజర్ కటకాన్ని శుభ్రం చేయడం మీకు రావాలి. ఆపైన తప్పిన ప్రింటును చూసి కారణం ఊహించగలగాలి. మూలలు లేచిపోతే ప్లేటుకు పట్టు లేదు, లేదా చల్లగాలి తగిలింది. భాగాల మధ్య సన్నని దారాలు సాగితే ఫిలమెంటు తేమ పీల్చింది, లేదా వేడి ఎక్కువైంది. సగం నుంచి పై భాగమంతా పక్కకు జరిగిపోతే బెల్టు వదులైంది, లేదా నాజిల్ దేనికో తగిలింది. పాడైన ప్రింట్లను పారేయకుండా ఒక ట్రేలో పెట్టి, ఒక్కోదానికి కారణం రాసిన చీటీ కట్టించండి. రెండు నెలల్లో మీకూ పిల్లలకూ అదే వైద్యగ్రంథమవుతుంది. చట్రం కాలికి ఎక్కిందా లేదా అని తీర్పు చెప్పేది కుర్చీ కాబట్టి, మీకు సాఫ్ట్‌వేర్ ఎంత వచ్చు అన్న ప్రశ్న ఆ గదిలో మెల్లగా వెనక్కి వెళ్లిపోతుంది.

మార్కులకు నా సూచన ఇది. సగం మార్కులు జట్టు పుస్తకానికి ఇవ్వండి. తయారు చేసే ముందు ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, తరువాతి విడతలో ఏ అంకెను ఎంత మార్చారు, ఎందుకు మార్చారు, ఇవి తేదీలతో ఉండాలి. పావు భాగం వస్తువు సరిపోవడానికి. మిగిలిన పావు, మీరు అప్పటికప్పుడు ఎంచుకున్న ఒక సభ్యుడో సభ్యురాలో ఇచ్చే వివరణకు. ఎవరిని పిలుస్తారో ముందుగా తెలియకపోవడం వల్ల జట్టులో అందరికీ అన్నీ తెలిసేలా చూసుకోవలసిన బాధ్యత జట్టు మీదే పడుతుంది. అందానికి మార్కులు వేయవద్దు. మొదటి ప్రయత్నంలోనే సరిపోయిందని చెప్పే జట్టును మాత్రం కాస్త అనుమానంగా చూడండి. బహుశా ఎవరిదో కొలత చూసి రాసుకుని ఉంటారు.

ఒక టర్ములో ఎన్ని వస్తువులు చేయించాలని అడిగితే నేను రెండు అంటాను, మూడు కూడా ఎక్కువే. కంప్యూటర్లతో పిల్లల చదువు గురించి లోతుగా ఆలోచించిన సేమూర్ పాపర్ట్, 1960ల చివర ఒక బడిలో గణితం తరగతికి వెళ్లే దారిలో, పిల్లలు వారాల తరబడి సబ్బుబిళ్లలతో శిల్పాలు చెక్కుతున్న కళల తరగతిని చూశారు. ఒకే పని మీద ఆలోచించడానికి, కలలు కనడానికి, పక్కవారి పనిని చూసి మాట్లాడటానికి వారికి దొరికిన తీరిక గణితంలో ఎందుకు దొరకదన్న ప్రశ్న ఆయనను చాలాకాలం వెంటాడింది. మీకు వారానికి గంటన్నరే ఉన్నా, ఆ గంటన్నరలు ఆరు వారాలు ఒకే వస్తువు మీద పడితే ఆ తీరిక కొంతైనా ఏర్పడుతుంది. కుర్చీ తొడుగు తరువాత రెండో పనిని పిల్లలనే వెతుక్కోనివ్వండి. బడి అంతా ఒక పీరియడు తిరిగి, విరిగినవి, ఊగేవి, మూత పోయినవి, చేతికి అందనివి రాసుకు రమ్మనండి. ప్రయోగశాలలో పరీక్షనాళికలు దొర్లిపోకుండా నిలిపే స్టాండు, పట్టు బలహీనంగా ఉన్న సహాధ్యాయికి కుళాయి తిప్పే పిడి, తలుపు గోడకు కొట్టుకోకుండా ఆపే బిరడా వంటివి తప్పక దొరుకుతాయి. పిడి చేసే జట్టు దాన్ని వాడబోయే మనిషి దగ్గర కూర్చుని అడగాలి, చేయి కొలవాలి, నచ్చకపోతే మళ్లీ చేయాలి.

ప్రదర్శన గురించి మీ ప్రధానోపాధ్యాయుల కోరిక అన్యాయమైనదేమీ కాదు. చూడటానికి వచ్చేవారికి ఏదో ఒకటి కనిపించాలి. పన్నెండు మెరిసే వస్తువుల బదులు పన్నెండు వరుసలు పెట్టిస్తామని ఆయనతో చెప్పి చూడండి. ఒక్కో వరుసలో ఎక్కని చట్రం, జారిపోయిన చట్రం, చీలిన తొడుగు, చివరికి నిలిచిన తొడుగు, వాటి పక్కన జట్టు పుస్తకం తెరిచి ఉంటుంది. బల్ల పక్కన ఒక కుర్చీ కాలూ, ఒక కాలిపర్సూ పెట్టి, వచ్చినవారినే కొలిచి తొడగమనండి. ఆయన ఇంకా సందేహిస్తే, ఈ సంవత్సరానికి ఒక బల్ల కీచైన్లకు వదిలేసి, మిగిలిన బల్లలు మీకు ఇమ్మనండి.